పిల్లలతో క్రూయిజ్: పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, ఫుకెట్ షోర్ ఎక్స్‌కర్షన్లపై మా అనుభవం, నా మార్కులు

గత మే నెల రెండో వారంలో మేం ఐదుగురం సింగపూర్ నుంచి ఐదు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్లి వచ్చాం. నేను, మావారు, ఆరో తరగతి పూర్తిచేసిన బాబు, రెండో తరగతి పూర్తిచేసిన పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. ఓడ మూడు రేవుల్లో ఆగింది: మలేషియాలో పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, ఆ తరువాత థాయిలాండ్‌లో ఫుకెట్. ఓడలోని గదులు, భోజనం, ఈతకొలను, రాత్రి ప్రదర్శనల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోను. ఓడ దిగి ఊరు చూసే టూర్లను, అంటే షోర్ ఎక్స్‌కర్షన్లను, బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబం ఎలా ఎంచుకోవాలన్నదే నా విషయం. మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లోనే మూడు కుటుంబాలు వచ్చే సెలవులకు ఇదే ప్రయాణం అనుకుంటూ నన్ను అడిగిన ప్రశ్నలు కూడా ఇవే. మేం ప్రయాణించిన ఓడ పేరు, మాకు ఒక టూర్ అమ్మిన ఏజెంటు పేరు చెప్పడం లేదు. ఏ ఓడ ఎక్కినా, ఏ ఏజెంటు దగ్గర కొన్నా ఈ లెక్కలు మారవు.

ముందుగా ఎంపిక ఎలా ఉంటుందో చెప్పాలి. టికెట్ కొన్న కొద్ది రోజులకే ఓడ సంస్థ యాప్‌లో రేవు రేవుకూ టూర్ల జాబితా కనిపిస్తుంది. ప్రతి టూర్ పక్కన ఎన్ని గంటలు, ఎంత నడక, భోజనం ఉందా లేదా, పిల్లలకు ధర ఎంత అని ఉంటుంది. నడక ఎంతో చెప్పడానికి తేలిక, మధ్యస్థం, కష్టం అని గుర్తులు వేస్తారు. మా ఓడలో అవే టూర్లు ముందుగా యాప్‌లో కొన్నవారికి కాస్త తక్కువకు వచ్చాయి, ఓడ ఎక్కాక డెస్క్ దగ్గర ఎక్కువ పలికాయి. ఇవి కాక మరో రెండు దారులున్నాయి. బయటి టూర్ సంస్థ దగ్గర ముందే కొనుక్కోవచ్చు, లేదా రేవులో దిగి టాక్సీ పట్టుకుని సొంతంగా తిరగవచ్చు. మేం మూడు రేవుల్లో మూడు దారులూ పట్టాం. పోర్ట్ క్లాంగ్‌లో ఓడవారి టూర్, పెనాంగ్‌లో సొంత తిరుగుడు, ఫుకెట్‌లో హైదరాబాద్ ఏజెంటు అమ్మిన స్పీడ్‌బోట్ టూర్. ప్రయోగం చేయాలని చేసింది కాదు, అలా కుదిరింది. అందువల్లే పోల్చి చెప్పగలుగుతున్నాను.

ఓడవారి టూర్‌కు ఎక్కువ డబ్బు పెట్టడానికి ఒకే ఒక బలమైన కారణం ఉంది. ఆ బస్సు దారిలో చిక్కుకుని ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే తరువాతి రేవుకు మనల్ని చేర్చే బాధ్యత సంస్థ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. పాస్‌పోర్టులు, పిల్లలు, ఒక చేతిసంచీ పట్టుకుని తరువాతి రేవుకు మన ఖర్చుతో మనమే చేరుకోవాలి. వాతావరణం బాగాలేక ఓడ ఒక రేవులో ఆగకుండానే వెళ్లిపోతే ఓడవారి టూర్ డబ్బు తిరిగి వస్తుంది. బయట కొన్న టూర్ డబ్బు వారి షరతులను బట్టి రావచ్చు, రాకపోవచ్చు. ఈ భరోసా విలువ అన్ని రేవుల్లో ఒకేలా ఉండదు. చూడవలసిన చోటు రేవుకు దూరమైన కొద్దీ విలువ పెరుగుతుంది, ఊరు ఓడ మెట్ల పక్కనే ఉంటే దాదాపు ఏమీ ఉండదు. నేను ఇది తెలిసే వెళ్లాను. నాకు తెలియనిదల్లా టూర్ వివరణలో రాసిన గంటలను ఎలా చదవాలన్నది. అది పోర్ట్ క్లాంగ్‌లో తెలిసింది.

పోర్ట్ క్లాంగ్ కౌలాలంపూర్‌కు రేవు. క్రూయిజ్ ఓడలు ఆగే టెర్మినల్ బయట పిల్లలతో నడిచి చూడదగినది ఏమీ లేదు. నగరం చూడాలంటే మా కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లినంత దూరమైనా బస్సులో వెళ్లాలి, సుబ్రహ్మణ్యస్వామి ఆలయం ఉన్న బతు గుహలు నగరానికి అవతలి వైపున ఉత్తరాన ఉన్నాయి. మేం ఎంచుకున్నది ఏడు గంటల నగర దర్శనం. బతు గుహలు, పెట్రోనాస్ జంట టవర్లు, స్వాతంత్ర్య చౌక్, మధ్యాహ్న భోజనం, ఒక స్థానిక హస్తకళల దుకాణం అని వివరణలో ఉంది. చదవడానికి నిండుగా కనిపించింది. ఉదయం ఎనిమిదిన్నరకు ఓడ థియేటర్‌లో కూర్చోబెట్టి మా చొక్కాలకు 14వ నంబరు స్టిక్కర్లు అంటించారు. పాప తన స్టిక్కర్‌ను మూడు సార్లు పీకి మళ్లీ అంటించుకుంది, నాలుగోసారికి జిగురు పోయింది.

ఆ రోజు మా బాబు తన చేతి గడియారంలో ప్రతి మజిలీ దగ్గర సమయం చూసి చిన్న నోటుపుస్తకంలో రాశాడు. నేను చెప్పిన పని కాదు, వాడికి కొత్త గడియారం మోజు. సాయంత్రం గదిలో కూడి చూస్తే ఇలా తేలింది. మొత్తం 420 నిమిషాలలో బస్సులో కూర్చున్నది 230 నిమిషాలు, భోజనానికి 50, దుకాణంలో 45. మిగిలిన 95 నిమిషాలలో బతు గుహల దగ్గర 60, జంట టవర్ల ముందు ఫొటోలకు 20, స్వాతంత్ర్య చౌక్‌లో 15. ఏడు గంటల టూర్‌లో పిల్లలు చూడడానికి వచ్చినదాని ముందు నేల మీద నిలబడింది గంటన్నర దాటి ఐదు నిమిషాలు. అప్పటి నుంచి ఏ టూర్ వివరణ చూసినా నేను వెతికేది ఈ ఒక్క అంకెనే. వివరణలో అది నేరుగా ఉండదు. రేవు నుంచి ఆ చోటికి ఎంత దూరమో మ్యాప్‌లో చూసి, రానూపోనూ తీసేసి, భోజనం తీసేసి, దుకాణం అన్న మాట కనిపిస్తే కనీసం ముప్పావు గంట తీసేసి, మిగిలినదాన్ని మజిలీల సంఖ్యతో భాగించాలి. పెద్దవాళ్లం బస్సు కిటికీలోంచి కొత్త ఊరు చూస్తూ కూర్చోగలం. ఏడేళ్ల పిల్లకు అది ఎక్కడైనా బస్సే.

బతు గుహల గురించి మాత్రం తక్కువ చేసి చెప్పలేను. గుట్ట మొదట్లో బంగారు రంగు సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం 42.7 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది, 2006లో ఆవిష్కరించారు. పక్కనుంచి గుహలోకి 272 మెట్లు. 2018లో వాటికి రంగులు వేశారు, వరుసలు వరుసలుగా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. తైపూసం పండుగ నాడు కావడులు మోస్తూ భక్తులు ఎక్కేది ఈ మెట్లే. మెట్లు నిటారుగా ఉంటాయి, ఒక్కో మెట్టు వెడల్పు తక్కువ, పెద్దవాళ్ల పాదం పూర్తిగా ఆనదు. పాప మొదటి మెట్టు నుంచి పైకి లెక్కపెడుతూ ఎక్కింది. నూట యాభై దాటాక ఒక కోతి రైలింగు మీదనుంచి దిగి, మా ముందు నడుస్తున్న అమ్మాయి చేతిలోని చిప్స్ ప్యాకెట్ లాక్కుని, అక్కడే కూర్చుని, ప్యాకెట్‌ను మన పిల్లలు చించినట్టే పైఅంచున పట్టి చించింది. పాప నోరు తెరుచుకుని చూస్తూ లెక్క మరిచిపోయింది. దిగేటప్పుడు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి 271 అంది, ఒకటి ఎక్కడ పోయిందని ఇప్పటికీ అడుగుతోంది. చేతిలో తినే వస్తువు, నీళ్ల సీసా, ప్లాస్టిక్ సంచీ ఏదీ కనబడకుండా ఎక్కాలి. మోకాళ్లు కనిపించే బట్టలతో స్త్రీలను పైకి పంపరు, కింద చుట్టుకునే వస్త్రం అద్దెకు ఇస్తారు, కానీ ఆ వరుసలో నిలబడే సమయం మన 60 నిమిషాల్లోదే.

ఇక్కడ మాకు పనికొచ్చిన ముందుజాగ్రత్త ఒకటుంది. ప్రయాణానికి మూడు వారాల ముందు ఒక ఆదివారం పొద్దున్నే అందరం గోల్కొండ కోటకు వెళ్లి బాలాహిస్సార్ దాకా ఎక్కాం. అక్కడ మెట్లు 300కు పైనే ఉంటాయి. పిల్లలు ఎక్కడెక్కడ కూర్చున్నారు, ఎంతసేపు పట్టింది, ఎన్ని నీళ్లు తాగారు అని గమనించాం. అత్తగారు మూడో వంతు దూరంలో ఆగి, ఇంతకంటే తన వల్ల కాదని చెప్పారు. దాంతో బతు గుహల దగ్గర ఆవిడ కింద ఉన్న ఆలయంలోనే దర్శనం చేసుకోవాలని, మావారు ఆవిడతో ఉండాలని, నేను పిల్లలతో పైకి వెళ్లాలని ఇంట్లోనే నిర్ణయం జరిగిపోయింది. మాతో బస్సులో ఉన్న మరో కుటుంబం ఆ నిర్ణయం మెట్ల మొదట్లో నిలబడి చేసుకుంది, పావుగంట దానికే సరిపోయింది.

జంట టవర్లు 452 మీటర్లు, 88 అంతస్తులు. పిల్లలకు ఆ అంకెలు ముందే తెలుసు, పైకి ఎక్కుతామనే అనుకున్నారు. టూర్‌లో ఉన్నది కింద నిలబడి ఫొటో తీసుకోవడం మాత్రమే. రెండు టవర్లను 41, 42 అంతస్తుల దగ్గర కలిపే వంతెన మీదికి వెళ్లాలంటే వేరే టికెట్, ముందుగా తీసుకున్న సమయం ఉండాలి. బాబు ముఖం వాడిపోయింది. అది టూర్ తప్పు కాదు, వివరణలో ‘ఫొటో విరామం’ అని స్పష్టంగానే రాశారు, నేనే పిల్లలకు ఆ మాట విడమర్చి చెప్పలేదు. వెళ్లేముందు వివరణను పిల్లలతో కలిసి చదవండి. ఎక్కడ లోపలికి వెళ్తాం, ఎక్కడ బయటినుంచే చూస్తాం అన్నది వారికి ముందే తెలిస్తే అలగరు. దుకాణం మాత్రం కచ్చితంగా టూర్ తప్పే. ముప్పావు గంట సేపు బస్సు తలుపులు మూసి ఉంచారు, దుకాణం లోపల కొనక తప్పని వాతావరణం, పిల్లలు నేల మీద కూలబడ్డారు. ఆ ముప్పావు గంట గుహల దగ్గర ఇచ్చి ఉంటే కింద ఉన్న మిగతా గుహ కూడా చూసేవాళ్లం.

అయినా తిరుగు ప్రయాణంలో ఓడవారి టూర్ తన ధరను సంపాదించుకుంది. మధ్యాహ్నం ఆకాశం విరిగిపడ్డట్టు వాన మొదలై, క్లాంగ్ వైపు వెళ్లే హైవే మీద వాహనాలు ఆగిపోయాయి. గైడు ఫోన్‌లో ఓడతో మాట్లాడుతూనే ఉన్నాడు. మేం 25 నిమిషాలు ఆలస్యంగా చేరాం. సొంత టాక్సీలో ఉంటే నా గుండె నా చేతిలో ఉండేది కాదు, బస్సులో పాప నా ఒళ్లో నిద్రపోయింది. అందుకే నా మార్కులు ఐదుకు మూడు. పోర్ట్ క్లాంగ్‌లో ఓడవారి టూరే తీసుకోవాలి, కానీ ఏడు గంటలదీ ఐదు మజిలీలదీ కాదు. బతు గుహలు ఒక్కటే ఉండే చిన్న టూర్ జాబితాలో ఉంటే అది ఎంచుకోండి. పేర్లు తక్కువున్న టూర్‌లోనే పిల్లలకు చోట్లు ఎక్కువ దక్కుతాయి.

పెనాంగ్ దీనికి పూర్తిగా విరుద్ధం. జార్జ్‌టౌన్‌లో ఓడ స్వెటెన్‌హామ్ రేవులో నేరుగా ఒడ్డుకు ఆనుకుంటుంది. దిగి నడిస్తే ఊళ్లోనే ఉంటాం. ఆ పాత పట్టణాన్ని 2008లో మలక్కాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడ ఓడవారి టూర్ కొనడం మా చార్మినార్ దగ్గర హోటల్‌లో దిగి లాడ్‌బజార్ చూడడానికి టూరిస్టు బస్సు ఎక్కడం లాంటిది. మేం సొంతంగా తిరిగాం. ఐదుగురికి టాక్సీలు, టికెట్లు, భోజనం అన్నీ కలిపి ఓడవారి ధరలో మూడో వంతు కూడా కాలేదు.

రేవు బయట రోడ్డు దాటగానే తెల్లటి గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్లు నిండిన 1897 జ్ఞాపకంగా, ఏడాదికి ఒక అడుగు చొప్పున 60 అడుగులు కట్టారు. ఈ సంగతి చెప్పగానే పాప తన ఏడేళ్లకు ఏడు అడుగులు ఎంతవరకు వస్తాయో చూపించమంది, మావారు చేయెత్తి చూపించారు. అక్కడినుంచి కొద్ది అడుగుల్లో కార్న్‌వాలిస్ కోట. 1786లో ఆంగ్లేయుడు ఫ్రాన్సిస్ లైట్ దిగిన చోట కట్టింది, నక్షత్రం ఆకారంలో ఉంటుంది. గోల్కొండ చూసిన పిల్లలకు గోడలు పొట్టిగా అనిపించాయి కానీ, సముద్రం వైపు గురిపెట్టిన పాత ఫిరంగుల దగ్గర బాబు చాలాసేపు ఉన్నాడు. వాటిలో ఒకటి 1603లో పోతపోసిన డచ్చి ఫిరంగి.

తరువాత ఆర్మీనియన్ వీధికి వెళ్లాం. 2012లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ ఇక్కడి గోడల మీద వేసిన బొమ్మల్లో ఒకదానిలో ఇద్దరు పిల్లలు సైకిల్ తొక్కుతుంటారు. పిల్లలు గోడ మీది రంగు, సైకిల్ మాత్రం గోడకు బిగించిన నిజమైన సైకిల్. మా ఇద్దరూ దాని పక్కన నిలబడి ఆ బొమ్మల ముఖాల్లాగే ముఖాలు పెట్టారు. ఇలాంటివి వీధుల్లో ఇంకా ఉన్నాయి, మ్యాప్ చేతికిస్తే పిల్లలే దారి చూపిస్తారు. కాకపోతే పదకొండు దాటాక అక్కడి ఎండ, ఉక్క మన మే నెల ఎండకంటే చెమట ఎక్కువ పట్టిస్తాయి. వీధి నడక తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, ఆ తరువాత నీడ పట్టున భోజనం అని ముందే అనుకుని వెళ్లాం. లిటిల్ ఇండియాలో తమిళుల అరటాకు భోజనం దొరుకుతుంది. మూడు రోజులుగా ఓడలోని బఫే తిన్న అత్తగారు అక్కడ రసం రెండోసారి పోయించుకున్నారు.

మధ్యాహ్నం పెనాంగ్ హిల్. రేవు నుంచి ఎనిమిది కిలోమీటర్లకు కాస్త అటూఇటూ, టాక్సీ యాప్‌తో సులువుగా వెళ్లవచ్చు. ఐదుగురికి ఆరు సీట్ల బండి అడగాలి. కొండ మీదికి తీగ తాడుతో లాగే ఫ్యునిక్యులర్ రైలు 1923లో మొదలైంది. పాత రోజుల్లో మధ్యలో బండి మారవలసి వచ్చేది, 2011 నుంచి కొత్త బండ్లు ఆగకుండా పైదాకా వెళ్తున్నాయి. బాబు ఈ ప్రయాణం మొత్తానికి కోరుకున్న ఒకే ఒక చోటు ఇది, ముందు వరుసలో నిలబడాలని కిందనే రెండు బండ్లు వదిలేశాడు. పట్టాలు ఎదురుగా గోడలా లేచి ఉంటాయి. మధ్యలో ఎదురు బండి వచ్చేచోట దారి రెండుగా చీలి మళ్లీ ఒకటవుతుంది. ఒక బండి బరువు మరో బండిని లాగుతుందని వాడు పాపకు చెబుతుంటే పక్కన నిలబడ్డ విదేశీ దంపతులు భాష తెలియకపోయినా వాడి చేతుల కదలిక చూసి తలూపారు. పైన గాలి చల్లగా ఉంది. అత్తగారికి ఎక్కవలసిన మెట్లు తక్కువ, కూర్చోవడానికి బల్లలు ఎక్కువ. దగ్గర్లోనే ఉన్న కెక్ లోక్ సి బౌద్ధాలయానికి వెళ్దామని మావారు అన్నారు. నేను వద్దన్నాను. అది గొప్ప ఆలయమే, కానీ పిల్లల ఓపిక అప్పటికే అడుగంటింది, రేవుకు చేరడానికి నేను పెట్టుకున్న గడువు ఓడ బయలుదేరే సమయానికి రెండు గంటల ముందు. సొంతంగా తిరిగేటప్పుడు ఆ రెండు గంటలను ఎవరు ఎంత బతిమాలినా తగ్గించకూడదు. నాలుగున్నర గంటలు నేల మీద గడిపిన ఆ రోజుకు ఐదుకు ఐదు.

ఇక ఫుకెట్. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగినది మరో కుటుంబానికి జరగకూడదని నా కోరిక.

ఫాంగ్‌ఙా అఖాతంలో సముద్రం మధ్య నిలబడ్డ సున్నపురాతి కొండలు, జేమ్స్ బాండ్ ద్వీపం, గుహల్లోకి కయాక్ పడవలు అంటూ హైదరాబాద్‌లోని ఒక ఏజెంటు మాకు స్పీడ్‌బోట్ టూర్ అమ్మాడు. ఓడవారి టూర్ ధరలో సగం. వోచర్ మీద ఉదయం ఎనిమిదిన్నరకు పటాంగ్ బీచ్ దగ్గర వ్యాను వస్తుందని, సాయంత్రం నాలుగుకు అక్కడే దింపుతుందని ఉంది. ఓడ ఎనిమిదికి ఫుకెట్ చేరుతుంది కనుక సరిపోతుందనుకున్నాం. మూడు విషయాలు మాకు తట్టలేదు.

మొదటిది, అక్కడ ఓడ ఒడ్డుకు ఆనుకోలేదు. పటాంగ్ ఎదురుగా సముద్రంలో లంగరు వేసి, ప్రయాణికులను టెండర్లనే చిన్న పడవల్లో కొద్దికొద్దిమందిగా ఒడ్డుకు చేర్చింది. ఓడవారి టూర్ కొన్నవారిని ముందు పంపారు, మిగతావాళ్లం నంబరు చీటీ తీసుకుని కూర్చున్నాం. రెండవది, థాయిలాండ్ గడియారం సింగపూర్, మలేషియాల కంటే ఒక గంట వెనుక. మా ఓడ తన గడియారం మార్చలేదు, సింగపూర్ సమయంలోనే ఉంది. ఫోన్లు మాత్రం ఒడ్డు సిగ్నల్ అందగానే వాటంతట అవే థాయ్ సమయానికి మారిపోయాయి. మూడవది ఈ రెండింటి ఫలితం. మా నంబరు వచ్చి ఒడ్డున దిగేసరికి ఓడ సమయం పదీ పది, అక్కడి సమయం తొమ్మిదీ పది. వ్యాను నలభై నిమిషాల క్రితమే వెళ్లిపోయింది. ఏజెంటుకు ఫోన్ చేస్తే మేం సమయానికి రాలేదు కనుక డబ్బు తిరిగి రాదన్నాడు.

రేవులో ఒక చెట్టు కింద నిలబడి నేను, మావారు ఆ డబ్బు గురించి మాట్లాడుకుంటున్నాం. బాబు వోచర్ అడిగి తీసుకుని చదివాడు. వాడి చేతి గడియారం ఓడ సమయంలో ఉంది. చదివి, “అమ్మా, ఇది నాలుగుకు దింపుతుందట. ఇక్కడి నాలుగంటే మన ఓడలో ఐదు. ఆఖరి టెండర్ నాలుగున్నరకే కదా?” అన్నాడు. ఇద్దరం మాట ఆపేశాం. మావారు జేబులోంచి ఓడవారి రోజువారీ కాగితం తీసి చూశారు. ఆఖరి టెండర్ నాలుగున్నరకు, ఓడ బయలుదేరేది ఐదున్నరకు. అంటే మేం ఆ వ్యాను అందుకుని ఉంటే, టూర్ ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా చక్కగా నడిచినా, ఆఖరి టెండర్ వెళ్లిన అరగంటకు రేవుకు వచ్చి నిలబడేవాళ్లం. మాకు అమ్మినది హోటళ్లలో దిగినవారి కోసం తయారుచేసిన టూర్. కొనేముందు ఓడ ప్రయాణికులమని మేం చెప్పినా, ఓడ పేరు, తేదీ ఇచ్చినా, అమ్మినవాడు గంటలు సరిచూడలేదు. కొన్న మేమూ సరిచూడలేదు. నా చేయి చాలాసేపు పాప భుజం మీదే ఉండిపోయింది.

కాబట్టి బయటి సంస్థ దగ్గర టూర్ కొనేవారు అడగవలసినవి స్పష్టంగా రాస్తున్నాను. ఇది ఓడ ప్రయాణికుల కోసమే నడిపే టూరేనా, ఓడ ఆలస్యమైతే మన కోసం ఆగుతారా, ఓడ రేవుకు రాకపోతే డబ్బు తిరిగి ఇస్తారా, తిరిగి దింపే సమయం ఆఖరి టెండర్‌కు కనీసం రెండు గంటల ముందు ఉందా, వోచర్ మీది సమయం ఏ దేశపు గడియారం ప్రకారం. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. రేవు రోజు ఉదయం ఓడవారి కాగితంలో ఆఖరిగా ఎక్కవలసిన సమయం, ఆ రేవులోని ఓడ ఏజెంటు ఫోన్ నంబరు ఉంటాయి. ఆ కాగితాన్ని ఫొటో తీసుకోవడంతో ఆగకుండా కాగితమే వెంట ఉంచుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు. ఒకరి చేతికి ఓడ సమయం చూపే మామూలు గడియారం ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని బాబుది.

సముద్రం టూర్ల గురించి ఇంకో మాట. మనకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం వరకు ఉంటాయి. ఫుకెట్ ఉన్న అండమాన్ సముద్ర తీరంలో నైరుతి ఋతుపవనాలు మే నెలలోనే మొదలై అక్టోబరు దాకా ఉంటాయి. ఆ రోజు పటాంగ్ తీరం పొడవునా ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి, నీళ్లలోకి దిగకూడదని అర్థం. స్పీడ్‌బోట్ అలాంటి సముద్రంలో అలల మీద ఎగిరి పడుతుంటే చిన్నపిల్లల నడుముకు, మెడకు మంచిది కాదు. వెనుక సీట్లలో కుదుపు కాస్త తక్కువ. పిల్లల కొలతల లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని ఎక్కకముందే అడగాలి, పెద్దవాళ్ల జాకెట్ బిగించి కట్టినా నీళ్లలో పిల్ల కిందికి జారిపోతుంది. అపార్ట్‌మెంట్ కొలనులో ఈత నేర్చిన పిల్లలకు సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. ఫాంగ్‌ఙా గుహల్లోకి కయాక్ వెళ్లగలదా లేదా అన్నది ఆటుపోట్లను బట్టి ఉంటుంది, కనుక ‘గుహలు’ అని రాసి ఉన్నా ఆ రోజు నీటిమట్టం కుదరకపోతే బయటినుంచే చూపిస్తారు.

మిగిలిన సమయంలో మేం దూరం పోలేదు. తడి ఇసుకలో చిన్న పీతలు ఆవగింజలంత ఇసుక ఉండలు చేసి తమ కన్నం చుట్టూ కిరణాల్లా పేరుస్తుంటే పిల్లలిద్దరూ బోర్లా పడుకుని చూశారు. అడుగు చప్పుడైతే పీత మాయమవుతుంది, ఊపిరి బిగబట్టి ఉంటే రెండు నిమిషాల్లో మళ్లీ వస్తుంది. ఓడ సమయం రెండున్నరకే తిరిగి టెండర్ ఎక్కాం. అత్తగారు ఆ రోజు అసలు ఓడ దిగలేదు; ఊగే టెండర్‌లోకి అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం, ఆవిడ నిర్ణయం సరైనది. పిల్లలను కూడా ఒక రేవులో ఓడలోనే ఉంచడం తప్పేమీ కాదు. రేవు రోజుల్లో ఓడ సగం ఖాళీగా ఉంటుంది, నీటి జారుడుబల్ల దగ్గర వరుస ఉండదు, మా ఓడలో పిల్లల క్లబ్ ఆ రోజు కూడా తెరిచే ఉంది.

ఏనుగుల టూర్ల గురించి చాలామంది అడిగారు. మేం వెళ్లలేదు, కానీ ఎంచుకునేటప్పుడు జాబితా అంతా చదివాను. ఏనుగు మీద సవారీ, ఏనుగుల ఆటలు ఉన్నవాటికి పిల్లలను తీసుకెళ్లకండి. అలా మనుషులను మోయడానికి, ఆడడానికి లొంగదీసే శిక్షణలో ఆ జంతువు పడే బాధ మనం పిల్లలకు కొనిచ్చే టికెట్‌తోనే సాగుతుంది. ‘సంరక్షణ కేంద్రం’ అన్న పేరు చూసి నమ్మవద్దు. దూరం నుంచే చూడనిస్తారా, సవారీ ఉందా, సందర్శకులతో స్నానం చేయిస్తారా అని అడిగి, మూడింటికీ సరైన జవాబు వచ్చినచోటికే వెళ్లాలి.

ఏజెంటు అమ్మిన ఫుకెట్ టూర్‌కు నా మార్కు సున్నా.

బయలుదేరే ముందు కాగితాల విషయం ఒకటి చూసుకోండి. ఓడ సింగపూర్ విడిచి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కనుక మన వీసా ఒకటికి మించి ప్రవేశాలకు పనికివచ్చేది అయి ఉండాలి. మలేషియా, థాయిలాండ్‌లలో భారతీయులకు ఉన్న వీసా సడలింపులు, ముందుగా ఆన్‌లైన్‌లో నింపవలసిన రాక ఫారాలు మారుతుంటాయి. ప్రయాణానికి వారం ముందు ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలోనే చూడాలి, పిల్లలకు కూడా విడివిడిగా నింపాలి.

మళ్లీ వెళ్తే మేం సంక్రాంతి సెలవుల్లో వెళ్తాం. జనవరిలో అక్కడి సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. పోర్ట్ క్లాంగ్‌లో బతు గుహలు ఒక్కటే ఉన్న ఓడవారి సగం రోజు టూర్, పెనాంగ్‌లో మళ్లీ సొంతంగా, ఈసారి మొదట కెక్ లోక్ సి. ఫాంగ్‌ఙాకు మాత్రం ఎంత ధర అయినా ఓడవారి టూరే కొంటాం, దాని టికెట్ మీది గంటలు ముందుగా బాబు చేత లెక్క కట్టించాక.